విరేచనాలు ఆపే మాత్ర వేసుకునే ముందు ఫోన్ చేయండి

చర్మ క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నవారికి, వారిని చూసుకుంటున్న కుటుంబ సభ్యులకు ఇచ్చిన ప్రసంగం పాఠం

అందరికీ నమస్కారం. రోగులతో పాటు ఇంట్లోవాళ్లు కూడా వచ్చారు, చాలా సంతోషం. ఈ విషయంలో రోగి మాట ఒక్కటే నమ్ముకుంటే సరిపోదు. "ఏం లేదులే, కాస్త నీరసం" అని ఆయన అంటాడు. రాత్రి మూడుసార్లు లేచి బాత్రూంకు వెళ్లాడని భార్యకు తెలుసు. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగాడని కొడుక్కి తెలుసు. ఇవాళ నేను ఎక్కువగా మాట్లాడేది మీతోనే.

మొట్టమొదట మీకు ఎక్కుతున్న మందు పేరు తెలుసుకోండి. సెలైన్‌లో ఏది ఎక్కించినా మనం "కీమో" అనేస్తాం. ఇక్కడ ఆ అలవాటు ప్రమాదం. మెలనోమా రకం చర్మ క్యాన్సర్‌కు ఈ రోజుల్లో ఎక్కువగా ఇచ్చేవి పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్, ఇపిలిముమాబ్. బాగా ముదిరిన స్క్వామస్ సెల్ రకానికి సెమిప్లిమాబ్ ఇస్తారు. ఇవి కీమో కాదు, ఇమ్యునోథెరపీ. అర్ధరాత్రి ఊళ్లో ఆసుపత్రికి వెళ్లి "కీమో నడుస్తోంది, మోషన్స్ అవుతున్నాయి" అంటే డ్యూటీ డాక్టరు ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్, సెలైన్ పెడతారు. "ఇమ్యునోథెరపీ నడుస్తోంది, మందు పేరు ఇది, చివరి డోసు ఫలానా తేదీన" అంటే ఆయన ఆలోచన మరో దారిలో వెళ్తుంది. మొదటి దారిలో రెండు మూడు రోజులు పోతాయి. ఆ రెండు మూడు రోజుల్లోనే పేగు చిల్లు పడొచ్చు.

ఈ మందులు ఎలా పనిచేస్తాయో కొంచెం చెప్తాను, అది తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మన ఒంట్లో రోగనిరోధక కణాలకు ఒక పగ్గం ఉంటుంది. సొంత అవయవాల మీద పడకుండా అది వాటిని వెనక్కి లాగుతుంది. క్యాన్సర్ ఆ పగ్గాన్నే పట్టుకుని వాటిని ఆపేస్తుంది. ఈ మందులు పగ్గం వదిలిస్తాయి. ఈ పగ్గాల సంగతి కనిపెట్టినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. 2011లో ఇపిలిముమాబ్, 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అమెరికాలో మెలనోమాకు అనుమతి పొందాయి. అంతకు ముందు ముదిరిన మెలనోమాకు చెప్పుకోదగ్గ మందే లేదు. కాబట్టి వీటిని చూసి భయపడమని నేను అనడం లేదు. పగ్గం వదిలిన కణాలు క్యాన్సర్ మీదికే కాదు, పేగు, కాలేయం, ఊపిరితిత్తులు, గ్రంథులు, గుండె, దేని మీదికైనా పోవచ్చు. అందుకే దుష్ప్రభావం ఒకే చోట, ఒకే రూపంలో రాదు. మామూలు జబ్బు వేషంలో వస్తుంది.

ఎప్పుడు వస్తుంది? దురద, దద్దుర్లు మొదటి కొన్ని వారాల్లోనే కనిపిస్తాయి. పేగు సమస్య ఎక్కువగా 5 నుంచి 10 వారాల మధ్య, కాలేయం, గ్రంథుల సమస్యలు రెండు మూడు నెలల దగ్గర. ఇది సగటు లెక్క మాత్రమే. మొదటి డోసు తర్వాతి వారంలోనూ రావచ్చు, చివరి డోసు అయిపోయిన చాలా నెలలకూ రావచ్చు. మందు రక్తంలో సగానికి తగ్గడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కణాల మీద దాని పట్టు అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. "డ్రిప్ ఎక్కించి నెల దాటింది, దీనికీ దానికీ సంబంధం ఉండదు" అన్న మాట ఈ మందుల విషయంలో చెల్లదు.

ఒక్క మందే తీసుకునేవారికన్నా ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి తీసుకునేవారు చాలా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కలిపి ఇచ్చినప్పుడు సగం మందికి పైగా తీవ్రమైన దుష్ప్రభావం చూశారు. నివోలుమాబ్ ఒక్కటే అయితే అది సుమారు ఐదుగురిలో ఒకరికి.

మొదటి డ్రిప్‌కు ముందే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టండి. మామూలు రోజుల్లో మోషన్‌కు ఎన్నిసార్లు వెళ్తారు, బరువెంత, బీపీ ఎంత, కూర్చున్నప్పుడు పల్స్ ఆక్సీమీటర్‌లో ఎంత, పరగడుపు షుగర్ ఎంత, ఇవన్నీ రాసుకోండి. డాక్టరు ఎలాగూ థైరాయిడ్, కాలేయం, క్రియాటినిన్, ఈసీజీ, హెపటైటిస్ బి వంటివి చేయిస్తారు. ఆ కాగితాల ఫోటోలు ఫోన్‌లో ఉంచుకోండి. తర్వాత వచ్చే ప్రతి అంకెనూ పోల్చుకోవాల్సింది మీ సొంత అంకెతోనే. పక్కింటాయన అంకె మీకు పనికిరాదు.

ఇప్పుడు పేగు సంగతి. దీని మీద ఎక్కువసేపు ఆగుతాను. ఇది తరచుగా వస్తుంది, మనవాళ్లు ఎక్కువగా తేలిగ్గా తీసుకునేదీ ఇదే. మీ మామూలు లెక్క కన్నా రోజుకు మూడుసార్ల వరకు ఎక్కువైతే అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి. నాలుగు నుంచి ఆరు సార్లు ఎక్కువైతే అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి. ఏడు, అంతకన్నా ఎక్కువైతే ఆసుపత్రిలో చేరాల్సిన పరిస్థితి. రక్తం, జిగట పడినా, కడుపు నొప్పి ఆగకుండా ఉన్నా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, జ్వరం తోడైనా లెక్క చూసుకుంటూ కూర్చోవద్దు, బయలుదేరండి. నిద్రలోంచి లేపే విరేచనం కూడా మామూలు విరేచనం కాదు.

మెడికల్ షాపులో దొరికే లోపరమైడ్ మాత్ర పేగు కదలికను ఆపుతుంది, పేగులో రగులుతున్న వాపును ఆపదు. బయటికి లెక్క తగ్గుతుంది, లోపల పుండు ముదురుతుంది. "రాత్రి పెళ్లి భోజనం పడలేదు", "అమీబియాసిస్ మళ్లీ తిరగబెట్టింది" అనుకుని మెట్రోనిడజోల్ కోర్సు వేసుకునేవారూ ఉన్నారు. అది నిజంగా ఇన్ఫెక్షనే కావచ్చు, కాదనడం లేదు. అందుకే మలపరీక్ష చేస్తారు, అవసరమైతే గొట్టం వేసి పేగు చూస్తారు. తేల్చాల్సింది పరీక్షే, మన ఊహ కాదు. ఓఆర్ఎస్ మాత్రం నిరభ్యంతరంగా తాగండి.

ఇది మందు వల్ల వచ్చిన వాపే అని తేలితే స్టెరాయిడ్ ఇస్తారు. సాధారణంగా కిలో బరువుకు రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ లెక్కన. మూడు నుంచి ఐదు రోజుల్లో తగ్గకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందుకు వెళ్తారు. ఆ ఇంజక్షన్‌కు ముందు టీబీ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే ఒంట్లో నిద్రపోతున్న టీబీని అది లేపుతుంది. మీకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ ఎప్పుడైనా టీబీ ఉండి ఉంటే అడక్కముందే చెప్పండి.

స్టెరాయిడ్ మొదలయ్యాక మూడో రోజుకే ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది. చాలామంది అక్కడే మాత్రలు ఆపేస్తారు. ఇంటర్నెట్‌లో స్టెరాయిడ్ల గురించి చదివి భయపడి సగానికి తగ్గించుకునేవారూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం మెట్టు మెట్టుగా తగ్గించాలి. త్వరగా తగ్గిస్తే వాపు తిరగబెడుతుంది, రెండోసారి లొంగదీయడం కష్టం. ఆ వారాల్లో షుగర్ పెరుగుతుంది కాబట్టి రోజూ చూసుకోవాలి. ఎక్కువ మోతాదు నెల దాటేలా ఉంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా కో-ట్రైమాక్సజోల్ కూడా ఇస్తారు. సల్ఫా మందులు పడవంటే ముందే చెప్పాలి.

ఊపిరితిత్తులు. పొడి దగ్గు కొత్తగా మొదలవడం, మొన్నటిదాకా ఎక్కిన మెట్లు ఇవాళ ఎక్కలేకపోవడం, ఇవి మొదటి గుర్తులు. ఆక్సీమీటర్‌ను కూర్చుని పెట్టుకుంటే అసలు విషయం దాక్కుంటుంది. ఇంట్లో కొన్ని నిమిషాలు నడిచి, వెంటనే చూడండి. మీ మామూలు అంకె కన్నా మూడు నాలుగు తగ్గినా, 94 కిందికి పోయినా అదే రోజు ఆసుపత్రి. 90 దగ్గరికి వస్తే 108కి ఫోన్ చేయండి. ఛాతీ ఎక్స్‌రే బాగుంది అన్నంత మాత్రాన నిశ్చింత వద్దు. తొలిదశలో ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు, సీటీ స్కాన్‌లో కనపడుతుంది. దగ్గు సిరప్‌తో వారం, నెబ్యులైజర్‌తో ఇంకో వారం గడిపేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

చాలా అరుదుగా వచ్చినా, అన్నిటికన్నా ఎక్కువగా ప్రాణం తీసేది గుండె కండరం వాపు. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే వస్తుంది. ఇది తరచుగా ఒంటరిగా రాదు, ఒంటి కండరాలనూ, నరాలు కండరాలు కలిసే చోటునూ కూడా పట్టుకుంటుంది. అందుకే మొదటి గుర్తు ఛాతీలో కాకుండా ముఖంలో కనపడొచ్చు. సాయంత్రానికి కనురెప్ప వాలిపోతుంది. ఒకటి రెండుగా కనిపిస్తుంది. నీళ్లు మింగుతుంటే పొలమారుతుంది. మాట ముద్దగా వస్తుంది. మెడ నిలబడదు. దువ్వెన పట్టుకున్న చెయ్యి పైకి లేవదు, కింద కూర్చుంటే లేవలేరు. తొడలు, భుజాలు పట్టేసినట్టు నొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, లేదా ఛాతీలో బరువు, గుండె దడ, పడుకుంటే ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉన్నా, రేపు పొద్దున్న అనకండి. అప్పుడే బయలుదేరండి. ఈసీజీతో పాటు, గుండె, ఒంటి కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే ట్రోపోనిన్, సీపీకే రక్తపరీక్షలు వెంటనే చేయమని అడగండి. ఎకో మామూలుగా ఉన్నా ఈ జబ్బు లేదని చెప్పలేం, ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ వాడేవారు కండరాల నొప్పిని దాని మీదికి నెట్టేస్తుంటారు. ఇమ్యునోథెరపీ నడుస్తున్నప్పుడు ఆ నిర్ణయం మీరు తీసుకోవద్దు. ఇక్కడ స్టెరాయిడ్ కూడా రోజుకు 1 గ్రాము మిథైల్‌ప్రెడ్నిసొలోన్ నరంలోకి, ఐసీయూలో. గంటల లెక్కలో సాగే వైద్యం అది.

గ్రంథుల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. నెమ్మదిగా, చప్పుడు లేకుండా వస్తుంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వాచితే తగ్గని తలనొప్పి, విపరీతమైన నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, ఆకలి లేకపోవడం, రక్తంలో సోడియం పడిపోవడం ఉంటాయి. ఇపిలిముమాబ్‌తో ఇది ఎక్కువ. "క్యాన్సర్ కదా, నీరసం ఉండదా" అని సర్దుకుపోతారు. ఒంట్లో బీపీని, శక్తిని నిలిపే హార్మోన్ కార్టిసాల్. పొద్దున్న 8 గంటలకు దాని పరీక్ష ఒక్కటి చేస్తే దారి దొరుకుతుంది. థైరాయిడ్ అయితే మొదట ఎక్కువై దడ, చెమటలు, బరువు తగ్గడం ఉండి, కొన్ని వారాల్లో పూర్తిగా పడిపోతుంది. ఒక హెచ్చరిక: కార్టిసాల్, థైరాయిడ్ రెండూ తక్కువగా ఉంటే ముందు కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టాలి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర. తలకిందులైతే మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది. కాబట్టి రిపోర్టులో టీఎస్‌హెచ్ చూసుకుని దగ్గర్లో థైరాయిడ్ మాత్ర సొంతంగా కొనుక్కోకండి.

కార్టిసాల్ ఒకసారి పోతే సాధారణంగా తిరిగి రాదు. జీవితాంతం హైడ్రోకార్టిసోన్ వేసుకోవాలి. జ్వరం వస్తే డాక్టరు చెప్పినట్టు మోతాదు పెంచుకోవాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజక్షన్ కోసం ఆసుపత్రికి వెళ్లి తీరాలి. ఉపవాసం ఉన్నామని ఒక పూట మానేయడం వీళ్లకు కుదరదు.

షుగర్ విషయంలో మనవాళ్లు మోసపోవడం చాలా తేలిక, ఎందుకంటే మన ఇళ్లలో షుగర్ మామూలు మాట అయిపోయింది. ఈ మందుల వల్ల వచ్చేది ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోయే రకం. రోజుల్లో ముదురుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ బాగానే ఉంటుంది, వేలి రక్తంలో 400 చూపిస్తుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కడుపు నొప్పి, వాంతులు, లోతుగా ఎగపోస్తున్న ఊపిరి ఉంటే షుగర్‌తో పాటు, ఇన్సులిన్ లేనప్పుడు రక్తంలో పేరుకునే కీటోన్లు కూడా చూడమని అడగండి. దీన్ని స్టెరాయిడ్ తగ్గించదు, ఇన్సులిన్ ఒక్కటే దారి. ఇప్పటికే షుగర్ మాత్రలు వాడుతున్నవారు "డోసు పెంచుకుంటే సరి" అనుకోకూడదు.

కాలేయం, మూత్రపిండాలు చాలావరకు రక్తపరీక్షలోనే బయటపడతాయి. అందుకే ప్రతి డోసుకు ముందు పరీక్షలు చేస్తారు. "పోయినసారి బాగున్నాయి కదా" అని ఒకసారి మానేయకండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కుడి డొక్కలో నొప్పి ఉన్నా వెంటనే చెప్పాలి. మన పల్లెల్లో కామెర్లు అనగానే పసరు మందుకు తీసుకెళ్తారు. ఈ కామెర్లకు పసరు వద్దు. అందులో ఏముందో తెలియకపోతే కాలేయం ఎందుకు పాడవుతోందో ఎవరూ తేల్చలేరు, విలువైన వారం పోతుంది. మూత్రపిండాల విషయంలో రోజూ అలవాటుగా వేసుకునే గ్యాస్ మాత్రలు, ప్యాంటోప్రజోల్ లాంటివి, నొప్పి మాత్రలు ప్రమాదాన్ని పెంచుతాయి. ఏవి వాడుతున్నారో డాక్టరుకు చీటీ రాసివ్వండి.

చర్మం. దురద, చిన్న దద్దుర్లు చాలామందికి వస్తాయి, పూతమందులతో పోతాయి. మీ అరచెయ్యి వేళ్లతో సహా ఒంట్లో సుమారు ఒక శాతం. పది అరచేతులంత దాటితే డాక్టరుకు చెప్పాలి, ముప్పై దాటితే తీవ్రం. పుస్తకాల్లో దద్దుర్లు ఎర్రగా ఉంటాయని రాస్తారు. మన చామనఛాయ, నల్లని ఒళ్ల మీద ఎరుపు కనపడకపోవచ్చు. ముదురు గోధుమగా, ఊదాగా ఉంటుంది, చేత్తో తాకితే వేడిగా ఉంటుంది. చూపుతో పాటు స్పర్శనూ నమ్మండి. చర్మం దురద పెట్టకుండా మండుతూ నొప్పి పుట్టడం, బొబ్బలు, తాకితే పొర ఊడి రావడం, నోట్లో, కళ్లలో, జననాంగాల దగ్గర పుళ్లు, తోడుగా జ్వరం, ఇవి ఎమర్జెన్సీ. మెలనోమా రోగికి బొల్లి మచ్చలు వస్తే మాత్రం కంగారు పడకండి. మందు పనిచేస్తున్నవారిలో అది తరచుగా కనిపిస్తుంది. ఎండ తగలకుండా చూసుకుంటే చాలు.

ఇక మాత్రల సంగతి. బ్రాఫ్ అనే జన్యువులో మార్పు ఉన్న మెలనోమాకు డాబ్రఫెనిబ్, ట్రామెటినిబ్ జంటగా ఇస్తారు. మన దగ్గర తరచుగా చూసే అరికాలి, గోటి కింది మెలనోమాలో ఆ మార్పు తక్కువ, కాబట్టి అందరికీ ఇవి రావు. ఈ జంటతో సగం మందికి జ్వరం వస్తుంది. 100.4 దాటితే రెండు మాత్రలూ ఆపి ఫోన్ చేయమని, 24 గంటలు జ్వరం లేకపోతే మళ్లీ మొదలుపెట్టమని సాధారణంగా చెప్తారు. మీ డాక్టరు మీకేం చెప్పారో కాగితం మీద రాయించుకోండి. జ్వరంతో పాటు వణుకు, బీపీ పడిపోవడం, మూత్రం తగ్గడం ఉంటే ఆసుపత్రి. వర్షాకాలంలో ఆ జ్వరం డెంగీ, మలేరియా కూడా కావచ్చు, పరీక్ష చేయించాలి. చూపు మసకబారితే, కళ్ల ముందు రంగుల చుక్కలు కనిపిస్తే కంటి డాక్టరు అదే వారం కాదు, అదే రోజు. కాళ్ల వాపు, ఆయాసం అంటే గుండె ఎకో. వెమురఫెనిబ్ వాడేవారికి ఎండ అసలు పడదు, కారు అద్దం, కిటికీ అద్దం దాటి వచ్చే కిరణాలకూ ఒళ్లు కాలుతుంది.

బేసల్ సెల్ రకానికి ఇచ్చే విస్మోడెగిబ్ కండరాలు పట్టేయడం, రుచి పోవడంతో విసిగిస్తుంది, కానీ అసలు ప్రమాదం కడుపులో బిడ్డకు. ఆడవాళ్లు చివరి మాత్ర తర్వాత 24 నెలల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. మగవాళ్లు కూడా వాడుతున్నన్నాళ్లూ, ఆ తర్వాత కొన్ని నెలలూ కండోమ్ వాడాలి. ఆడవాళ్లయినా మగవాళ్లయినా చివరి మాత్ర తర్వాత 24 నెలల వరకు రక్తదానం వద్దు. డకార్బజిన్ లాంటి అసలు కీమో తీసుకునేవారికి 100.4 జ్వరం అంటే తెల్లకణాలు పడిపోయాయేమో అన్న అనుమానం. ఆ గంటలోనే బయలుదేరాలి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే జ్వరానికి, నీరసానికి డెక్సామెథసోన్ ఇంజక్షన్ పడే అవకాశం ఎక్కువ. దానితో ఒక పూట బాగుంటుంది. కార్టిసాల్ పరీక్ష చెడిపోతుంది, లోపలి వాపు సగం అణిగి అసలు రూపం దాచుకుంటుంది. ప్రాణాపాయంలో ఎవరు ఇచ్చినా తీసుకోండి. లేకపోతే ముందు మీ క్యాన్సర్ డాక్టరుకు ఫోన్. ఫోన్‌లో "ఒంట్లో బాగోలేదు" అనకండి. మందు పేరు, ఎన్నో డోసు, తేదీ, ఎప్పట్నుంచి, మామూలుగా ఎన్ని, ఇప్పుడు ఎన్ని, జ్వరం ఎంత, ఆక్సిజన్ ఎంత. నిమిషంలో అయిపోతుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే రోజూ వీడియో కాల్‌లో "ఎలా ఉన్నారు" బదులు ఈ అంకెలే అడగండి.

ఒకరు చీటీ పంపారు: "ఇవన్నీ చెప్తే మందు ఆపేస్తారు, క్యాన్సర్ పెరిగిపోతుంది కదా?" చాలామంది దాచిపెట్టేది ఈ భయంతోనే. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి తీసుకుంటూ దుష్ప్రభావాల వల్ల మొదటి దశలోనే ఆపేసినవారిని, కొనసాగించినవారిని పరిశోధనల్లో పోల్చి చూశారు. ఆపినవారి ఫలితాలు తక్కువేమీ కాలేదు. నిద్రలేచిన కణాలు మందు ఆగినా పని చేస్తూనే ఉంటాయి. పైగా తొలిదశలోనే చెప్తే చాలాసార్లు ఒక డోసు వాయిదాతో సరిపోతుంది. దాచిపెట్టి ఐసీయూ దాకా వస్తే ఆ మందు మళ్లీ ఇవ్వడం కుదరకపోవచ్చు.

ఇంకో ప్రశ్న, ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నారని తెలిపేలా ఆసుపత్రి ఇచ్చే కార్డును చికిత్స అయిపోయాక ఎన్నాళ్లు జేబులో ఉంచుకోవాలని. చివరి డోసు తర్వాత కనీసం ఏడాది. రెండేళ్లు ఉంచుకుంటే ఇంకా మంచిది. ఆ మధ్యలో పన్ను పీకించుకోవాలన్నా, కంటి ఆపరేషన్ అన్నా, జ్వరానికి చూపించుకున్నా ముందు కార్డు చూపించండి. హైడ్రోకార్టిసోన్ జీవితాంతం వాడాల్సినవారు మాత్రం కార్డును జీవితాంతం ఉంచుకోవాలి. దాని మీద మందు పేరు, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు రెండూ ఉన్నాయో లేదో ఇంటికెళ్లగానే చూడండి. నంబరు లేకపోతే వచ్చే డ్రిప్ ఎక్కించుకునే ముందే నర్సుతో రాయించుకోండి.